మగ్గం మీద రెడ్ జోన్

ఇదంతా మీరే చేశారు. పురపాలక సంఘం ఆఫీసులో మేడమీద గదిలో కూర్చుని, ఊరి మ్యాపు బల్ల మీద పరిచి, దాని మీద టీ గ్లాసు బోర్లించి, చుట్టూ ఎర్ర పెన్సిలు తిప్పిన పెద్దమనుషులారా, మిమ్మల్నే! గుండ్రం గీయడానికి కంపాసు లేదన్నారు. కొందామంటే షాపులు మూసి ఉన్నాయన్నారు. మూయించిందెవరు? మీరే. సరే, గ్లాసే పెట్టారు. ఆ గీత ఎవరి నెత్తిన పడిందో మెట్లు దిగి వచ్చి చూశారా? లేదు. ఆ గీత పోయి పోయి భద్రావతి మగ్గం మీద పడింది.

భద్రావతిది పొడుగిల్లు. నేతపనివాళ్ల ఇళ్లన్నీ అంతే, రైలుపెట్టెల్లా ఉంటాయి. ముందు తలుపు రాట్నాల వీధిలోకి, వెనక తలుపు కుమ్మరి సందులోకి తెరుచుకుంటాయి. ముందు గదిలో టీవీ, నీళ్ల కుళాయి, భద్రావతి కండెలు చుట్టే రాట్నం. వెనకాల వంటిల్లు, అందులోనే ఒక పక్కగా అత్త కోటమ్మ మంచం. మధ్యన మగ్గం గది. నేసే మనిషి వంటింటి వైపు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. అతని ఎదట పడుగు, అంటే నిలువు దారాలన్నీ, ముందు గది గోడ దాకా సాగి అక్కడ మేకుకు కట్టి ఉంటాయి. మనిషి ఒక గదిలో, దారాలు ఇంకో గదిలోకి. ఇల్లు కట్టినప్పుడే అలా కట్టుకున్నారు. అప్పటికి జోన్లు పుట్టలేదు.

లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో ఆ ఇంటికి పెద్ద తేడా తెలియలేదు. ఊళ్లో ఉద్యోగస్థులు ఇంట్లో కూర్చోలేక గిలగిల్లాడుతుంటే భద్రావతి మొగుడు పానకాలు నవ్వాడు.

"నేను పుట్టినకాడ్నించీ లాక్‌డౌన్‌లోనే ఉన్నా. గుంటలోంచి లేస్తే గదా బయటికి పోయేది!"

కూతురు హిమబిందు ఇంటర్ చదువుతోంది. ముందు గది కిటికీలో ఫోను నిలబెట్టి, సిగ్నలు వచ్చినంతసేపు పాఠం, పోయినంతసేపు టీవీ. కోటమ్మకు ఆకూవక్కా దొరకట్లేదన్న బాధ తప్ప ఇంకే బాధా లేదు. భద్రావతికి మాత్రం ఒక దిగులుండేది. నూలు బండ్లను ఊరి బయటే ఆపేశారు. ఇంట్లో మిగిలిన నూలంతా ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు, దానికి అడ్డంగా నేసే కండెల నూలు, అంతే. పడుగేమో గంజి పెట్టింది. ఆడుతుంటేనే బతుకుతుంది. నాలుగు రోజులు ఆపితే గంజి కోసం ఎలకలు ఎక్కుతాయి. వానగాలి తగిలితే దారాలు ఒకదానికొకటి అంటుకుని పుటుక్కున తెగుతాయి. అది పోతే మగ్గానికి మళ్లీ నూలు లేదు, ఇంటికి మళ్లీ తిండి లేదు. అందుకే ఆమె మొగుణ్ణి తిట్టో బతిమాలో పొద్దస్తమానం నేయించేది.

అలా ఉండగా కుమ్మరి సందులో లారీ డ్రైవరు ఏడుకొండలుకు జ్వరం తగిలింది. పరీక్ష చేసి, అదే జ్వరమని తేల్చి, బండెక్కించి ఆస్పత్రికి పంపారు. తెల్లారేసరికి మేస్త్రీ ఒకడు సర్వీ కర్రలు భుజాన వేయించుకుని భద్రావతి ముందు గదిలోకి వచ్చాడు. వెనకే ఈల మెళ్లో వేసుకుని హోంగార్డు ఇశ్రాయేలు.

"ఏందయ్యా ఇది? ఇంట్లో కడతారేంది కర్రలు?" అంది భద్రావతి, తిప్పుతున్న రాట్నం ఆపి.

"మ్యాపులో గీత ఇట్టా వచ్చిందమ్మా. మీ ఇల్లు అడ్డమొచ్చింది" అన్నాడు మేస్త్రీ.

"గీతకి మా ఇల్లు అడ్డమొచ్చిందా, మా ఇంటికి గీత అడ్డమొచ్చిందా?"

"అయ్యన్నీ నాకు తెలవ్వు. తాడు దేనికి కట్టాలో చెప్పు."

తాడు మగ్గానికే కట్టారు. కర్ర సరిగ్గా పడుగు మీదుగా, నడుమెత్తున, ఈ గోడనుంచి ఆ గోడకు నిలిచింది. ఇశ్రాయేలు గట్టిగా ఈల ఊదాడు.

"ఎక్కడోళ్లక్కడే! రెడ్ జోనోళ్లు రెడ్డులో, గ్రీన్ జోనోళ్లు గ్రీన్‌లో!"

ఆ ఈల మోగే క్షణానికి పానకాలు గుంటలో ఉన్నాడు, కోటమ్మ మంచం మీద ఉంది. వాళ్లది రెడ్డు. భద్రావతి రాట్నం దగ్గర, హిమబిందు కిటికీ దగ్గర. వీళ్లది గ్రీను. వంట తెలిసిన మనిషి ఒకవైపు, వంటిల్లు ఇంకోవైపు.

మధ్యాహ్నానికి ప్రత్యేకాధికారి విశ్వనాథంగారు స్వయంగా వేంచేశారు. మొహానికి రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ అద్దం, చేతులకు తొడుగులు, మెళ్లో శానిటైజర్ సీసా. గడప బయటే నిలబడి కాగితం తీశారు.

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నిత్యావసర వస్తువులు రెడ్ జోన్ లోనికి పోవచ్చును. రెడ్ జోన్ నుంచి ఏదియూ వెలుపలికి రాకూడదు. ఉన్నవారు ఉన్నచోటనే ఉండవలెను. కాపలా విధినిర్వహణలో ఉన్న సిబ్బందికి మాత్రము మినహాయింపు."

"అయితే ఈ గదిలోంచి ఆ గదిలోకి బియ్యం పంపొచ్చా అండీ?" అడిగింది భద్రావతి.

"నిరభ్యంతరంగా పంపవచ్చును."

"అవి వండితే అన్నం ఇటు తీసుకోవచ్చా?"

"ససేమిరా వీల్లేదు."

"మరి నేనూ నా కూతురూ ఏం తినాలి?"

విశ్వనాథంగారు కాగితం ముందుకూ వెనక్కీ తిప్పి చూశారు. "ఆ అంశము ఈ ఉత్తర్వుల పరిధిలో లేదు" అన్నారు. చేతులకు తొడుగులుండగానే శానిటైజర్ రాసుకుని వెళ్లిపోయారు.

పానకాలు పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ముట్టించింది ఆ రోజే. భద్రావతి కర్ర మీద మోచేతులు ఆనించి నిలబడి వంట చెప్పింది.

"పప్పులో నీళ్లెంత పోయాలే?"

"చెయ్యి పెట్టి చూడు. కణుపు దాకా."

"ఏ కణుపు?"

"నీ ముక్కు! వేలి కణుపయ్యా! ఇన్నేళ్లూ ఏం తిన్నావు, నూలా?"

మంచం మీంచి కోటమ్మ రాగం తీసింది. "ఒరేయ్ పానకాలూ, ఉప్పెయ్యలేదురా. నీ తండ్రీ ఇంతే, చేతగానోడు."

"వేశానే అమ్మా!"

"వేసి కలిపావా? కలపలా! అడుగున కూర్చుని ఏడుస్తా ఉందది!"

పప్పు ఉడికింది, మాడింది కూడా. వాసన మాత్రం ఏ ఉత్తర్వూ లెక్కచేయకుండా గ్రీన్ జోన్‌లోకి వచ్చింది. హిమబిందు కడుపు పట్టుకుని "అమ్మా" అంది. భద్రావతి తిరిగి ఇశ్రాయేలు వంక చూసింది. అతను మగ్గం గదిలో పీట మీద, ఒక కాలు రెడ్డులోనూ ఒక కాలు గ్రీనులోనూ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇంట్లో ఇద్దరు కూతుళ్లున్నవాడు.

"ఏమన్నా, నువ్వు సిబ్బందివే గదా? నీ భోజనం ఎక్కడన్నా తినొచ్చా?"

"డ్యూటీలో ఉన్నోడు ఎక్కడైనా తినొచ్చు చెల్లెమ్మా."

"నీకు ఆకలెక్కువా?"

ఇశ్రాయేలు మీసంలో నవ్వుకున్నాడు. "చానా ఎక్కువ."

ఆ రోజునుంచి ఇశ్రాయేలు భోజనం పెద్ద బేసినులో రెడ్డులోంచి బయల్దేరి గ్రీనులోకి వచ్చేది. ఒకసారి విశ్వనాథంగారు సరిగ్గా ఆ వేళకే తనిఖీకి వచ్చారు.

"ఎవరిదా ఆహారము?"

"నాదేనండయ్యా."

"ఇంతనా?"

"ఎండలో డ్యూటీ అండయ్యా, ఆకలేస్తది."

"ఇంట్లో ఎండెక్కడిదయ్యా?"

"రేకులిల్లండి."

విశ్వనాథంగారు సంతృప్తిపడి సిబ్బంది సంక్షేమం బాగున్నదని రాసుకున్నారు. ఆ తర్వాత వారి చూపు మగ్గం మీద పడింది. పానకాలు గుంటలో కూర్చుని నేస్తున్నాడు. భద్రావతి చుట్టిన కండెలు కర్ర కిందినుంచి దొర్లుకుంటూ పోతున్నాయి. నేసినకొద్దీ పడుగు కదులుతోంది.

"ఆపండి! ఈ దారము ఎక్కడినుంచి ఎక్కడికి పోవుచున్నది?"

"ముందు గదిలోంచి ఈ గదిలోకండి" అన్నాడు పానకాలు.

"అనగా గ్రీన్ జోన్ నుంచి రెడ్ జోన్‌కు సరుకు రవాణా! అనుమతి ఉన్నదా? ఇది నిత్యావసరమా?"

"గుడ్డ నిత్యావసరం కాదా అండీ?" భద్రావతి గొంతు లేచింది. "తమరు కట్టుకోకుండానే వచ్చారా ఏంది?"

ఇశ్రాయేలుకు దగ్గు వచ్చింది. హిమబిందు కిటికీ వైపు తిరిగి నోరు మూసుకుంది. విశ్వనాథంగారి మొహం అద్దం వెనకాల ఎర్రబడిందో లేదో తెలియదు గానీ, అద్దం మాత్రం ఆవిరి పట్టింది. వారు జాబితా చదివారు. పాలు ఉన్నాయి. కూరలున్నాయి. మందులున్నాయి. సాయంత్రం పూట తాగే మందు కూడా ఉంది, ఆ షాపులు అప్పుడే తెరిపించారు. గుడ్డ లేదు.

"పై అధికారుల నుంచి వివరణ వచ్చువరకు మగ్గము యథాతథ స్థితిలో ఉండవలెను. మాస్కు మినహా ఏ వస్త్రమూ నిత్యావసరము కాదు" అని తేల్చి చెప్పి వెళ్లారు.

మగ్గం ఆగింది. వివరణ రాలేదు. ఏడుకొండలుకు జ్వరం తగ్గి, ఆస్పత్రిలో దండ వేసి పంపించగా ఇంటికొచ్చి శుభ్రంగా బీడీ కాల్చుకుంటున్నాడు. గీత మాత్రం అలాగే ఉంది. రోగం వచ్చినప్పుడు గీత గీయాలని ఉత్తర్వు ఉంది గానీ, పోయినప్పుడు చెరపాలని లేదట!

పడుగు మీద మొదటి ఎలక కనిపించింది. పానకాలు చెప్పు విసిరాడు. అది గ్రీను జోన్‌లోకి దూకింది. భద్రావతి చీపురు తీసింది. అది మళ్లీ రెడ్డులోకి దూకింది. ఇశ్రాయేలు అలవాటు కొద్దీ ఈల ఊదాడు. ఎలక లెక్కచేయలేదు. కానీ అప్పటికే పక్కనున్న దారాలు కొన్ని తెగి వేలాడుతున్నాయి. భద్రావతి వాటిని వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఏడవలేదు. ఏడవటం ఆమెకు రాదు. వచ్చేది కోపమే.

"ఏమయ్యా, ఆయనేమన్నాడు? మాస్కు తప్ప ఏ గుడ్డా కాదన్నాడు గదా?"

"అన్నాడు."

"అయితే కూర్చో గుంటలో. మాస్కు నెయ్యి."

"చీర పడుగు మీద మాస్కేందే? జరీ అంచుంది దీనికి!"

"జరీ అంచు మాస్కు! నువ్వు నెయ్యి, నేను చూసుకుంటా."

పానకాలు తెగిన దారాలు ముడేసుకున్నాడు, మగ్గం మళ్లీ ఆడింది. రెండు వీధులూ చెవులు నిక్కించి విన్నాయి. ఆ చప్పుడు ఆఫీసు దాకా పోయింది కాబోలు, మూడో పూటకే విశ్వనాథంగారు పరుగున వచ్చారు.

"ధిక్కారము! ఏమిటిది?"

"మాస్కండి" అంది భద్రావతి.

"ఇంత పొడుగా?"

"వీధి మొత్తానికి ఒకటేనండి."

ఈ మాట ఆమె పళ్లు కొరుకుతూ, తిట్టుకు బదులుగా అన్న మాట. ఇంకెవరైనా అయితే తిట్టేనని పోల్చుకునేవారు. విశ్వనాథంగారు పోల్చుకోలేదు. వారి కళ్లు మెరిశాయి. వేళ్లు మడిచి లెక్క వేశారు. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులు. చీర పద్దెనిమిది అడుగులు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, మధ్యన ఇద్దరు.

"నలుగురు మనుషులు! ఒకే మాస్కు! దూరము దానంతటదే పాటింపబడును!" వారు కాగితం తీసి గబగబా రాసుకున్నారు. "అమ్మా, ఇది చీర కాదు. ఇది సామూహిక మాస్కు. రాష్ట్రములో ఎక్కడా లేదు. పూర్తి చేయండి, త్వరపడండి!"

చీర, అంటే సామూహిక మాస్కు, పూర్తయింది. ప్రయోగానికి ప్రత్యేక అనుమతి దొరికింది. రెడ్ జోన్‌లో తయారైనది కాబట్టి ప్రయోగం కుమ్మరి సందులోనే. పానకాలు, కోటమ్మ, ఏడుకొండలు, అతని పెళ్లాం ధనలక్ష్మి, నలుగురినీ వరసగా నిలబెట్టారు. నిలబెట్టగానే తగాదా వచ్చింది.

"కొంగువైపు నేను. నేను పెద్దదాన్ని" అంది కోటమ్మ.

"రోగమొచ్చి తగ్గినోణ్ణి నేనే గదా పెద్దమ్మా, నా వల్లనే గదా ఈ వైభోగమంతా! కొంగు నాకిద్దురూ" అన్నాడు ఏడుకొండలు.

"నువ్వు కొంగు కట్టుకుంటావేందిరా మొగోడివి! జరీ పాడవుద్ది, బీడీ కాలుస్తావు!"

చివరికి కొంగు కోటమ్మకే దక్కింది. నలుగురూ ఒకే గుడ్డ ముక్కుల మీదుగా కట్టుకుని కూరగాయల బండి దగ్గరికి బయల్దేరారు. ధనలక్ష్మి వంకాయ కోసం వంగితే నలుగురూ వంగారు. పానకాలు తుమ్మితే నలుగురూ అదిరారు. ఏడుకొండలు ఎవరో పిలిచారని వెనక్కి తిరిగేసరికి కోటమ్మ బండి చుట్టూ ప్రదక్షిణం చేసింది. బండివాడు వంకాయలు తూచటం మానేసి నేల మీద కూర్చుని నవ్వాడు. కోటమ్మ మాత్రం ఇల్లు చేరాక, "ఎన్నాళ్లకి బజారు చూశానే తల్లీ, రేపు మళ్లీ పోదాం" అంది.

"ప్రజలలో ఐకమత్యము పెంపొందినది" అని విశ్వనాథంగారు నివేదిక రాశారు. అది చదివి పై అధికారుల బృందం చూడటానికి వస్తానంది. ఇక్కడ చిక్కు పడింది. సందు ఇరుకు, షామియానా పట్టదు. రాట్నాల వీధి వెడల్పుగా ఉంది గానీ అది గ్రీను. రెడ్ జోన్ నుంచి ఏదియూ వెలుపలికి రాకూడదు. రాసింది వారే. మాస్కు వీధిలోకి రాదు. అయితే వీధినే మాస్కు దగ్గరికి తేవాలి, అంటే వీధినీ రెడ్డు చేయాలి.

మ్యాపు మళ్లీ పరిచారు. ఈసారి గ్లాసు చాలలేదు. అటెండరు టిఫిన్ క్యారేజీ మూత పెట్టి చూశారు, వీధి సగమే పట్టింది. ఆఖరికి అన్నం తినే స్టీలు కంచం కడిగించి బోర్లించారు. పెన్సిలు గిర్రున తిరిగింది. రాట్నాల వీధి మొత్తం పడింది. కూరగాయల మార్కెట్టు పడింది. విశ్వనాథంగారు సంతకం చేసి, ముద్ర వేసి, అప్పుడు వంగి చూశారు. మార్కెట్టు పక్కన ఒక మేడ కూడా గుండ్రం లోపల పడి ఉంది. ఆ మేడ పురపాలక సంఘం ఆఫీసు.

ఉన్నవారు ఉన్నచోటనే ఉండవలెను. ఆ క్షణానికి విశ్వనాథంగారు ఎక్కడ ఉన్నారు? ఆఫీసులో. గీత మార్చాలంటే పై అధికారులు వచ్చి ఆఫీసు తనిఖీ చేయాలి. ఆఫీసు రెడ్ జోన్‌లో ఉంది కనుక వారు లోపలికి వస్తే మళ్లీ బయటికి పోలేరు. బృందం ఊరి పొలిమేరదాకా వచ్చి, కార్ల అద్దాలు దించి చూసి, బ్రహ్మాండంగా ఉన్నదని చెప్పి తిరిగిపోయింది. ఇశ్రాయేలుకు కొత్త డ్యూటీ పడింది. మేడ మెట్ల కింద. ఎవరు మెట్టు దిగబోయినా ఈల.

భద్రావతి ఇల్లు ఇప్పుడు మొత్తం ఒకటే జోను. మేస్త్రీ వచ్చి కర్ర విప్పి, తాడు చుట్టుకుని వెళ్లాడు. ఆమె ముందు గదిలోంచి మగ్గం గదిలోకి ఒక అడుగు వేసింది. ఎవరూ ఈల ఊదలేదు. పానకాలు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇక రా, నీ గుంటలో కూర్చో" అంది.

"చింతపండు నానేశానే. పులుసు పొయ్యి మీదుంది. ఇప్పుడు వదిలేస్తే అడుగంటదూ?"

కోటమ్మ మంచం మీంచి ఒప్పుకుంది. "వాడి పులుసు నీ పులుసు కన్నా బాగుంటదే కోడలా. ఏమన్నా అనుకో."

"అనుకునేదేముంది అత్తా, తిను!" అని భద్రావతి చీర కుచ్చిళ్లు బిగించి తనే గుంటలోకి దిగింది. ఎలక మళ్లీ కొరికిన దారాలు ఒక్కొక్కటీ వెతికి పట్టుకుని ముడేసింది. హిమబిందు పాఠం వదిలేసి రాట్నం ముందు కూర్చుంది. మగ్గం మొదలైంది.

సాయంత్రం ఫోను మోగింది. విశ్వనాథంగారు. "అమ్మా, సామూహిక మాస్కులు ఎన్ని సిద్ధమైనవి? పైకి నివేదిక పంపవలెను."

"మాస్కుల్లేవండి. చీర నేస్తున్నా."

"చీర నిత్యావసరము కాదని చెప్పియుంటిమి! తక్షణమే ఆపవలెను!"

"నేనైతే ఆపను. తమరొచ్చి ఆపండి."

ఫోనులో అటువైపు కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆ తర్వాత దూరంగా, స్పష్టంగా, ఇశ్రాయేలు ఈల. బూట్లు మళ్లీ పైకెక్కాయి.

"ఏమైందండీ?" అడిగింది భద్రావతి, అటూ ఇటూ దారం లాగే నాడె ఆపకుండానే.

కుర్చీ మళ్లీ జరిగింది. తర్వాత సన్నగా గొంతు వచ్చింది. "అమ్మా... ఇక్కడ మధ్యాహ్నం నుంచి ఎవరికీ భోజనము లేదు."

"అయ్యో! మా ఆయన పులుసు కాచాడండి. ఇశ్రాయేలన్న చేత పంపుతా. ఆకలికి ఉత్తర్వు లేదు లెండి."

పులుసు వెళ్లింది. విశ్వనాథంగారు గిన్నె నాకారని ఇశ్రాయేలు చెప్పాడు. ఆ ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు. మీరూ నవ్వండి, అభ్యంతరం లేదు. కానీ నవ్వు అయ్యాక ఇది వినండి, మేడల మీద పెద్దమనుషులారా! భద్రావతి మగ్గం మీదున్న పడుగు ఇంక రెండు చీరలకు మించి రాదు. ఆ తర్వాత ఆ ఇంట్లో కాచడానికి పులుసు కూడా ఉండదు. ఆ వీధిలో ఏ ఇంటికెళ్లి చూసినా ఇంతే. నూలు బండ్లు ఊరి బయట ఎండలో నిలబడి ఉన్నాయి. వదలండి. మందు షాపుకు రాసిన జాబితాలో గుడ్డను కూడా రాయండి. మళ్లీ ఏ గీత గీయాలన్నా ముందు ఆ ఇంట్లోకి వచ్చి, ఎవరు ఎక్కడ కూర్చుని ఏం చేసుకుని బతుకుతున్నారో అడిగి, అప్పుడు గీయండి. వివరణలు, నివేదికలు, బృందాలు వద్దు. చీరను చీర అని రాయండి. నూలు పంపండి. రేపు కాదు, ఇవాళ!